రాయ్‌పూర్ సవరణ: కార్యకర్తకు వాటా దక్కింది, ఓటు దక్కలేదు

రాజకీయ పక్షంలో కింది స్థాయి కార్యకర్తకు అగ్ర నిర్ణాయక మండలిలో చోటు దక్కేది ఎన్నికతోనా, నియామకంతోనా? పండరీ వస్త్ర మార్కెట్‌కు పేరొందిన రాయ్‌పూర్‌కు చేరువలో, నవా రాయ్‌పూర్‌లో 2023 ఫిబ్రవరి 24 నుంచి 26 వరకు జరిగిన కాంగ్రెస్ 85వ ప్లీనరీ ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది.

అక్కడ పార్టీ నియమావళిని సవరించి, వర్కింగ్ కమిటీ సభ్యుల సంఖ్యను 35కు పెంచారు. సగం స్థానాలు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ వర్గాలకు కేటాయించారు. మహిళలకు, 50 ఏళ్లలోపు వారికి కూడా వాటా కల్పించారు. అయితే కమిటీకి ఎన్నికలు జరపకుండా, సభ్యులను నియమించే అధికారాన్ని అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గేకు అప్పగించారు.

ఈ సందిగ్ధం తెలుగునేలకు కొత్త కాదు. 1992 ఏప్రిల్‌లో తిరుపతి ప్లీనరీలో ఓటింగ్ జరిగింది. గెలిచిన వారిలో దళితులు, మహిళలు లేరని నాటి అధ్యక్షుడు పి.వి.నరసింహారావు ఎత్తిచూపగా, ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. పిమ్మట కమిటీని ఆయనే నియమించారు. ప్రత్యర్థుల బలాన్ని తగ్గించేందుకే అలా చేశారన్న విమర్శ కూడా వినిపించింది. ఈ కమిటీకి చివరిసారి ఎన్నిక జరిగింది 1997లో, కలకత్తాలో.

తిరుపతిలో ఓటు ఉన్నా ప్రాతినిధ్యం లోపించింది. రాయ్‌పూర్‌లో ప్రాతినిధ్యానికి హామీ లభించినా ఓటు లేకపోయింది. నియమితుడైన సభ్యుడు తనను నియమించిన నాయకుడికే జవాబుదారీ అవుతాడు. రిజర్వు స్థానాలకు సైతం ఎన్నిక జరిగినప్పుడే ఆ జవాబుదారీ కార్యకర్తల వైపు మళ్లుతుంది.