మిషన్ పీక్ మీద ఆల్చిప్పలు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ తెలుగువాళ్లలో మిషన్ పీక్ ఎక్కనివాళ్లు తక్కువ. ఎత్తు 2,500 అడుగులకు కాస్త పైన. ఆయాసపడుతూ ఎక్కేటప్పుడు దారి పక్క బండల్ని ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ కొండల్లోని కొన్ని బండల నిండా చిప్పల ముక్కలే. ఆ ఇసుకరాయి పొరల్ని భూగర్భ శాస్త్రజ్ఞులు బ్రియోనెస్ ఫార్మేషన్ అంటారు. మయోసీన్ కాలంలో, అంటే సుమారు కోటి ఏళ్ల కిందట, అది లోతు తక్కువ సముద్రపు అడుగు. చచ్చిన జీవుల చిప్పల్ని అలలు ఒకచోటికి ఊడ్చి పోగేశాయి. తర్వాత హేవర్డ్, కలవెరాస్ ఫాల్టుల మధ్య నేల నలిగి పైకి లేచింది.

వింత చిప్ప కనబడగానే అందరూ ‘దీని పేరేమిటి?’ అంటారు. ముందు అడగాల్సింది ‘ఇది ఏ రాతిలోంచి వచ్చింది?’ అని. ఒక్క ఫ్రీమాంట్‌నే చూడండి. కొండ ఇసుకరాయిలో ఉన్నది సముద్రపు శిలాజం. ఇర్వింగ్టన్ కంకర గుంటల్లో బయటపడినవి మామత్‌లు, గుర్రాలు, కత్తికోరల పిల్లుల ఎముకలు. 1940లలో వెస్లీ గోర్డన్ అనే ఆయన కుర్రాళ్లను వెంటేసుకుని అక్కడ తవ్వించారు. 1951లో ఆ ఊరి పేరు మీదే ఒక కాలఖండానికి ఇర్వింగ్టోనియన్ అని పేరు పెట్టారు. ఇక బే ఒడ్డున కయోటీ హిల్స్ దగ్గర గుట్టపడిన చిప్పలు అసలు శిలాజాలే కావు. ఒలోనీ ప్రజలు తరతరాలుగా కాపురమున్న చోట తిని పారేసినవి. వాళ్లు తమవారిని పాతిపెట్టుకున్న నేల కూడా అదే.

చోటు తేలాక చిప్పను చూడండి. బందు దగ్గర్నుంచి అంచుదాకా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. రెండు సగాలూ అచ్చం ఒకేలా ఉంటే అది బ్రాకియోపాడ్ కావచ్చు. ఒక పక్కకు ఒరిగి ఉంటే ఆల్చిప్పల జాతి. స్కాలప్ ఈ పరీక్షలో మోసం చేస్తుంది. దాని సగాలు దాదాపు సమంగానే ఉంటాయి. బందుకి అటూ ఇటూ ఉన్న చెవుల్లో ఒకటి పెద్దగా ఉందేమో చూసుకోవాలి.

‘ఇలాంటిది ఎక్కడా చూడలేదే’ అనిపించేవాటిలో చాలా భాగం మామూలు ఆల్చిప్పల లోపలి అచ్చులే. చిప్పలోకి చేరిన బురద రాయైంది, పైచిప్ప కరిగిపోయింది. కురిడీ కొబ్బరిలాగన్న మాట: టెంక పోయింది, గుండు మిగిలింది. అందుకే పైన గీతలుండవు. చిప్పల మొనదేలిన రెండు ముక్కుల మధ్య, బందు ఉన్నచోట సందు కనిపిస్తుంది. కండరం అతుక్కున్న గుంట ఇక్కడ బొడిపెలా తేలుతుంది. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా చిప్ప పైభాగానివి కాబట్టి ఇది దేనికీ సరిపోలదు. చాలా ఆల్చిప్పలది ఆరగొనైట్, తేలిగ్గా కరిగే ఖనిజం. ఆయిస్టర్లు, స్కాలప్‌లది ఎక్కువగా కాల్సైట్, మొండిది. అందువల్ల ఒకే బండలో స్కాలప్ చిప్ప చెక్కుచెదరకుండా ఉండి, దాని పక్కదానికి అచ్చు మాత్రమే మిగలొచ్చు.

నత్త రకమైతే మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకోవాలి. నోరు కుడిపక్కన ఉండటం మామూలు. ఎడమపక్కన ఉంటే మాత్రం ఆగి చూడాల్సిందే. మన దక్కన్ లావా పొరల మధ్య దొరికే ఫైసా ప్రిన్సెపీ అలాంటి ఎడమచుట్టు నత్త. 1830లలో నిర్మల్ ప్రాంతపు కొండల్లో మాల్కమ్‌సన్ అనే దొర డాక్టరు ఇలాంటి శిలాజాల్ని సేకరించాడు. ఆ నత్త మంచినీటి జీవి. అంటే ఒక లావా ప్రవాహానికీ ఇంకోదానికీ నడుమ అక్కడ చెరువులు నిలిచేంత విరామం దొరికిందన్నమాట. ఇంత కథ తెలిసింది ఆ నత్త ఏ పొరల మధ్య ఉందో రాసిపెట్టుకోబట్టే.

మిషన్ పీక్, కయోటీ హిల్స్ రెండూ ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్‌వి. అక్కడ రాయైనా, చిప్పైనా తీసుకెళ్లకూడదు. ఫొటోలు చాలు: పక్కన నాణెం పెట్టి దగ్గర్నుంచి ఒకటి, బండ మొత్తం కనిపించేలా ఒకటి, ఫోన్ మ్యాప్‌లో ఆ చోటు గుర్తు. ఏరుకోవాలనే సరదా ఉంటే కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (బీఎల్ఎం) భూముల్లో చాలాచోట్ల అమ్మకానికి కాకుండా మామూలు చిప్ప శిలాజాల్ని కొద్దిగా ఏరుకోనిస్తారు. ఎముకల జోలికి మాత్రం పోకూడదు.