ఇంటిపేరు నుంచి వంశవృక్షం వరకు: లింకన్ కుటుంబం

1. పరిచయం

ఈ భాగం చదివిన తరవాత మీరు ఇంటిపేరు పుట్టుకకూ వంశ సంబంధానికీ ఉన్న తేడాను, వంశచరిత్రను నిర్ధారించే పత్రాల పాత్రను వివరించగలుగుతారు.

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ (1809-1865) 1859లో తన గురించి క్లుప్తంగా రాసుకొన్నాడు. తన తాత వర్జీనియా నుంచి కెంటకీకి వచ్చాడనీ, అంతకుముందు తమవారు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీలో ఉండేవారనీ అందులో చెప్పాడు. న్యూ ఇంగ్లండ్ లింకన్‌లతో చుట్టరికం కలుస్తుందేమోనని వెతికితే, మొర్దెకై, అబ్రహాం వంటి పేర్లు రెండు వైపులా ఉండటం తప్ప గట్టి ఆధారమేదీ దొరకలేదన్నాడు. ఆ ఆధారాలు తరవాతి పరిశోధకులకు దొరికాయి.

2. ఇంటిపేరు పుట్టుక

'లింకన్' ఇంగ్లండ్‌లోని ఒక నగరం పేరు. నీటి మడుగు అనే అర్థం గల ప్రాచీన బ్రిటన్ మాటకు, రోమన్ల వలసపట్టణాన్ని సూచించే 'కలోనియా' చేరి ఆ పేరు ఏర్పడింది. మన ఇంటిపేర్లలో చాలావాటికి మాదిరిగానే ఇక్కడా ఊరిపేరే మూలం. ఊళ్లో ఉన్నవారిని ఊరిపేరుతో గుర్తించనక్కరలేదు. ఊరు విడిచి వెళ్లినవారికే అది గుర్తు అవుతుంది. ఒకే ఊరి నుంచి వెళ్లిన వేరువేరు కుటుంబాలకు ఒకే ఇంటిపేరు రావచ్చు. కనుక ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్లు కాదు.

3. పత్రాల ద్వారా నిర్ధారణ

ఈ వంశంలో అమెరికా చేరిన మొదటివాడు శామ్యూల్ లింకన్. ఇతడు 1637లో నార్‌ఫోక్ ప్రాంతం నుంచి వచ్చి, మసాచుసెట్స్‌లోని హింగమ్‌లో స్థిరపడ్డాడు. ఆ ఊరి తొలి నివాసులలో థామస్ లింకన్‌లే నలుగురు! నేతగాడు, పిండిమర నడిపేవాడు, పీపాలు చేసేవాడు, రైతు అంటూ వృత్తినిబట్టి వారిని వేరుచేసి చెప్పేవారు. పేరు ఒక్కటే చూస్తే ఎంత పొరపాటు జరగవచ్చో దీనివల్ల తెలుస్తుంది.

శామ్యూల్ మనుమడు మొర్దెకై న్యూజెర్సీకి, అక్కడి నుంచి పెన్సిల్వేనియాకు తరలివెళ్లి 1736లో మరణించాడు. న్యూజెర్సీలోని భూమిని అతడు వీలునామాలో కొడుకు జాన్‌కు రాశాడు. వర్జీనియాకు వెళ్లిన ఈ జానే అధ్యక్షుడి ముత్తాత. ఈ విధంగా వీలునామాలు, భూమి పత్రాలు తరానికీ తరానికీ మధ్య లంకె కలిపాయి. పత్రాలలో వర్ణక్రమం మారవచ్చు: కెంటకీ భూమి పత్రాలలో అధ్యక్షుడి తాత 'లింక్‌హార్న్'గా కనిపిస్తాడు.

సరైన చోట వెతకడమూ ముఖ్యమే. అధ్యక్షుడి తల్లిదండ్రులకు చట్టబద్ధంగా పెళ్లి కాలేదనే నింద ఉండేది. కుటుంబం నివసించిన హార్డిన్ కౌంటీలో వివాహ పత్రం దొరకకపోవడం దానికి బలమిచ్చింది. పెళ్లి జరిగిన వాషింగ్టన్ కౌంటీ కచేరీలో 1806 నాటి పత్రం బయటపడటంతో ఆ నింద తొలగిపోయింది.

4. జనాభా లెక్కల పరిమితులు

అమెరికాలో జనాభా లెక్కలు 1790లో మొదలైనా, 1840 వరకు కుటుంబ పెద్ద పేరు మాత్రమే రాసేవారు. స్వతంత్రులైన కుటుంబ సభ్యులందరి పేర్లు 1850 నుంచి కనిపిస్తాయి. బానిసల విషయంలో 1850, 1860 పట్టికలలో సాధారణంగా యజమాని పేరు కింద వారి వయసు, లింగం, వర్ణం మాత్రమే ఉంటాయి. విముక్తులైన తరవాత, 1870 లెక్కలలో వారి పేర్లు నమోదయ్యాయి. అందువల్ల నల్లజాతి కుటుంబాలలో చాలామందికి వంశవృక్షం 1870 దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి యజమానుల వీలునామాలు, అమ్మకపు పత్రాలు వెతకవలసి వస్తుంది. ఎవరి పేరు రాయాలో, ఎవరిది అక్కరలేదో నాటి ప్రభుత్వమే నిర్ణయించింది.

5. సారాంశం

ఇంటిపేరు ఎక్కడ వెతకాలో సూచిస్తుంది, కాని బంధుత్వాన్ని నిరూపించదు. తెలిసిన తరం నుంచి వెనక్కు వెళుతూ, ప్రతి తరానికీ పత్రం చూపగలిగినప్పుడే వంశవృక్షం నిలుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఊరిపేరు ఇంటిపేరుగా ఎలా మారుతుంది?
2. లింకన్ వంశ నిర్ధారణకు వీలునామా ఎలా తోడ్పడింది?
3. వంశచరిత్ర పరిశోధనలో 1870 జనాభా లెక్కల ప్రాముఖ్యం ఏమిటి?