సిగ్గు తెచ్చిన సన్యాసము

సన్యాసమునకు వైరాగ్యమే మూలమని మనము వింటూ వచ్చినాము. పన్నెండవ శతాబ్దపు ఫ్రెంచి క్రైస్తవ పండితుడు పీటర్ అబెలార్డ్ మాత్రము, భక్తి చేత గాక సిగ్గు చేత తాను మఠము చేరితినని స్వయముగా వ్రాసుకొన్నాడు. ఆయన చరిత్రను పాఠకుల ముందుంచుచున్నాము.

అబెలార్డ్ 1079లో బ్రిటనీ సీమలో ఒక యోధుని ఇంట జ్యేష్ఠపుత్రుడుగా పుట్టినాడు. పెద్దకొడుకు హక్కును తమ్ములకు విడిచి తర్కశాస్త్రము పట్టినాడు. గురువులనే వాదములో ఎదిరించి, పారిస్‌లో గొప్ప అధ్యాపకుడని పేరు పొందినాడు. అక్కడ శిష్యురాలైన హెలోయీజ్ అను విదుషిని ప్రేమించినాడు. వారికి కొడుకు కలిగినాడు. రహస్యముగా వివాహమూ జరిగినది. ఆమె మేనమామ ఫుల్బర్ట్ పగబట్టి, రాత్రివేళ మనుషులను పంపి ఆయన పురుషత్వమును హరింపజేసినాడు. ఆ అవమానముతో అబెలార్డ్ సెయింట్ డెనీ మఠములో చేరినాడు. ఆయన మాటపై హెలోయీజ్ కూడ సన్యాసిని అయినది.

వేషము మారినది గాని ప్రశ్నించు బుద్ధి మారలేదు. 1121లో స్వాసోన్ నగరపు సభవారు ఆయన గ్రంథమును ఆయన చేతనే అగ్నిలో వేయించినారు. తమ మఠ మూలపురుషుని గూర్చిన ఐతిహ్యమునే శంకించి తోటి సన్యాసుల కోపమునకు గురియైనాడు. ‘ఔను, కాదు’ అను గ్రంథములో 158 ప్రశ్నలు వేసి, పూర్వాచార్యుల పరస్పర విరుద్ధ వాక్యములను పక్కపక్కన పెట్టినాడు. ఏది సరియో తాను తేల్చలేదు. సందేహమే విచారణకు, విచారణయే సత్యమునకు దారి అని ఆయన నమ్మకము.

అరువదియేండ్లు దాటిన వయసులో, సెన్స్ నగరపు సభలో బెర్నార్డ్ అను ప్రసిద్ధ సన్యాసి ఆయనపై దోషము మోపినాడు. పోపుకు మొరపెట్టుకొన రోముకు బయలుదేరిన అబెలార్డ్‌ను దారిలో క్లూనీ మఠాధిపతి పీటర్ ఆదరించి నిలుపుకొన్నాడు. మౌనము వహింపవలెనని పోపు ఆజ్ఞ వచ్చినది. పీటర్ ఆయనను విడువక, బెర్నార్డ్‌తో సఖ్యత కుదిర్చినాడు. 1142 ఏప్రిల్ 21న అబెలార్డ్ కన్నుమూసినాడు. కడపటి దినములలో ఆయన చదువును, ప్రార్థనను, వినయమును కొనియాడుచు పీటర్ హెలోయీజ్‌కు లేఖ వ్రాసి, దేహమును ఆమె మఠమునకే చేర్పించినాడు.

పూర్వపక్షము చెప్పి సిద్ధాంతము చేయు పద్ధతి మనకు క్రొత్త గాదు. తరువాతి శతాబ్దమున థామస్ అక్వినాస్ వంటివారు ఆ తీరుననే వ్రాసినారు. అందుకు బాట వేసినవారిలో అబెలార్డ్ ఒకడు. ఆయనను సభలు రెండుమారులు శిక్షించినవి. అయినను నిజమైన సన్యాసిగా మార్చినది మాత్రము పీటర్ చూపిన ఆదరణయే అని మాకు తోచుచున్నది.