పలికే పలకలు

నృత్యాన్ని కన్నులపండువ అనడం వాడుక. ట్యాప్ నృత్యం మాత్రం ముందుగా చెవులకు పండుగ చేస్తుంది. అమెరికాలో రూపుదిద్దుకొన్న ఈ కళలో బూటు అడుగున మునివేళ్ళ వద్ద ఒకటి, మడమ వద్ద ఒకటి చొప్పున లోహపు పలకలు బిగిస్తారు. చెక్కనేలపై అడుగు పడినప్పుడల్లా అవి మ్రోగుతాయి. పలకను పట్టి ఉంచే మరను కొంచెం వదులు చేస్తే ఒక నాదం, బిగిస్తే మరొక నాదం. కాలి గజ్జెలు మృదంగానికి తోడుగా మ్రోగుతాయి. ట్యాప్ నర్తకుని పాదం తానే ఒక వాద్యం.

పాదం వాద్యంగా మారడం వెనుక ఒక విషాద చరిత్ర ఉన్నది. 1739లో, నాటి బ్రిటిష్ వలస అయిన దక్షిణ కరోలినాలో, స్టోనో నది సమీపాన ఆఫ్రికన్ బానిసలు తిరుగుబాటు చేశారు. డోళ్ళు మ్రోగిస్తూ తోటివారిని కూడగట్టారు. తిరుగుబాటును అణచివేసిన పాలకులు మరుసటి ఏడు, 1740లో, బానిసలు డోళ్ళు, కొమ్ములు ఉపయోగించరాదని శాసనం చేశారు. డోలును లాగివేసిన వారు లయను లాగివేయలేకపోయారు. అది చప్పట్లలోకి, తొడచరుపులలోకి, నేలను తాకే పాదాలలోకి దిగింది. ట్యాప్ పుట్టుకకు ఈ ఒక్క శాసనమే కారణమనడం సాహసమే అవుతుంది. ఐర్లండ్, ఇంగ్లండ్‌ల నుండి వలస వచ్చిన పేదల అడుగులు కూడ పందొమ్మిదో శతాబ్దంలో దీనిలో కలిశాయి. 1840 ప్రాంతాల న్యూయార్క్‌లో ‘మాస్టర్ జూబా’గా పేరొందిన విలియం హెన్రీ లేన్ ఈ కలయికకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

కాలక్రమంలో విద్యుత్ వాద్యాల హోరు పెరిగింది. దాని ముందు పాదధ్వని వినబడడమే కష్టమైనది. మైకు పెట్టి ధ్వనిని పెంచడం ఒక మార్గం. ఆ ధ్వనినే మార్చివేయడం మరింత సాహసోపేతమైన మార్గం. ఆల్ఫ్రెడ్ డెసియో అనే నర్తకుడు బూట్లను సింథసైజర్‌తో అనుసంధానించి, తన పద్ధతికి ‘ట్యాప్‌ట్రానిక్స్’ అని పేరు పెట్టాడు. గ్రెగరీ హైన్స్ కథానాయకుడుగా 1989లో వచ్చిన ‘ట్యాప్’ చలనచిత్రంలో ఆ పద్ధతిని ఉపయోగించారు.

తరువాతి కళాకారులు బూటును వదలి నేలను ఎంచుకొన్నారు. మిషెల్ డోరన్స్, నికొలస్ వాన్ యంగ్ కలిసి రూపొందించిన ‘ఇటిఎమ్’ ప్రదర్శన 2014లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని జేకబ్స్ పిల్లో నృత్యోత్సవంలో వెలువడింది. వాన్ యంగ్ నర్తకుడే కాదు, డ్రమ్ముల వాద్యకారుడు కూడ. రంగస్థలంపై పరచిన చిన్న చిన్న చెక్క వేదికలు తాకిడిని గ్రహించి కంప్యూటరుకు తెలియజేస్తాయి. ఏ వేదికకు ఏ ధ్వని కేటాయిస్తే, దానిపై అడుగు వేయగానే ఆ ధ్వని వెలువడుతుంది. ఒకదానిపై స్వరం, మరొకదానిపై డ్రమ్ము. ఒకనాడు శాసనం లాగివేసిన డోలు ఈ విధంగా పాదం కిందికి తిరిగి వచ్చింది.

ఇటువంటి పలకలలో సాధారణంగా పీజో స్ఫటికాన్ని వాడతారు. ఒత్తిడికి లోనైన కొన్ని స్ఫటికాలలో విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. అడుగు తాకిడికి పుట్టిన ఆ స్వల్ప విద్యుత్తే కంప్యూటరుకు సంకేతం. అది ఎంత బలంగా ఉంటే ధ్వని పలకాలో ముందుగా ఒక హద్దు నిర్ణయించాలి. హద్దు మరీ తక్కువైతే పక్క పలకపై పడిన అడుగుకు కూడ ఇది మ్రోగుతుంది. మరీ ఎక్కువైతే మునివేలి మెత్తని తాకిడి మూగపోతుంది. ఆలస్యం అంతకన్న పెద్ద శత్రువు. అడుగుకూ ధ్వనికీ నడుమ సెకనులో నూరోవంతులు రెండు మూడు జారినా నర్తకుని లయ తడబడుతుంది.

ఆ సంకేతాన్నే దీపాలకు కూడ పంపవచ్చు. అడుగు పడిన చోట వెలుగు విరుస్తుంది. నిపుణుడైన నర్తకుడు సెకనుకు పదికి మించిన తాకిళ్ళు పలికించగలడు. ఫిలమెంటు బల్బులో వేడెక్కిన తీగ చల్లారడానికి కొంత వ్యవధి కావాలి. అందుచేత వరుస అడుగుల వెలుగులన్నీ ఒకే మసక కాంతిగా కలిసిపోతాయి. ఎల్‌ఈడీ దీపం తక్షణమే వెలిగి తక్షణమే ఆరుతుంది కనుక ప్రతి అడుగునూ విడివిడిగా కంటికి చూపగలదు.

అయితే ఈ ప్రయోగంపై ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. మడమ అంచుతో తాకినా, పాదం మొత్తంతో తాకినా చెక్కనేల ఆ తేడాను పలుకుతుంది. సాధారణమైన ట్రిగ్గరు పలక తాకిడి బలాన్ని మాత్రమే లెక్కిస్తుంది. తాకిన తీరును ఎరుగదు. యంత్రానికే మాట అప్పగిస్తే పాదం కేవలం మీట నొక్కే వేలుగా మిగిలిపోదా? ‘ఇటిఎమ్’ కళాకారులు పలకల ధ్వనులతో పాటు బూటు సహజనాదాన్ని కూడ వినిపించారు. ఒక్కొక్కప్పుడు నర్తకుడు పలికించిన లయను యంత్రం పట్టి ఉంచి తిరిగి తిరిగి వినిపిస్తుంది. దానిపై అతడే కొత్త అడుగులు అల్లుతాడు. ఈ పద్ధతిలో సాధన మాత్రం రెట్టింపవుతుంది. మామూలు నేలపై అడుగు నాలుగు అంగుళాలు పక్కకు పడినా ప్రేక్షకునికి తెలియదు. ఇక్కడ పొరపాటున పక్క పలకను తాకితే అపస్వరం సభ అంతటికీ వినబడుతుంది.