అబ్బా లారీకి పవర్ స్టీరింగ్ వేయిస్తున్నారా? పాత చక్రాన్ని పారేయకండి

కరీంనగర్ గ్రానైట్ దిమ్మెలు, ఆదిలాబాద్ పత్తి, సింగరేణి బొగ్గు. ఉత్తర తెలంగాణలో లారీని నమ్ముకుని ఇల్లు నడిపిన కుటుంబాలు తక్కువేం కాదు. అబ్బా నడిపిన బండిని అమ్మడానికి మనసొప్పక అలాగే ఉంచుకున్నవాళ్లూ ఉన్నారు. 1954లో జర్మనీ కంపెనీతో ఒప్పందం చేసుకుని టాటా తెచ్చిన టాటా మెర్సిడెస్-బెంజ్ లారీలు, 1969లో ఆ ఒప్పందం ముగిశాక టాటా పేరుతోనే వచ్చినవి అందరికీ గుర్తే. ఆ పాత బండ్లలో చక్రం తిప్పాలంటే భుజబలమే దిక్కు. లోడుతో ఆగిన బండిని మలపాలంటే డ్రైవర్ సీట్లోంచి సగం లేవాల్సిందే.

అందుకే ఇప్పుడు చాలామంది పవర్ స్టీరింగ్ బాక్స్ బిగించాలనుకుంటారు. ఇందులో ఇంజిన్‌తో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో బాక్స్‌లోకి పంపుతుంది. డ్రైవర్ చక్రం తిప్పగానే లోపలున్న సన్నని కడ్డీ కొద్దిగా మెలిపడి వాల్వ్ తెరుస్తుంది. ఆ నూనె ఒత్తిడే పిస్టన్‌ను తోసి డ్రాప్ ఆర్మ్‌ను కదుపుతుంది. బరువు మోసేది నూనె, దారి చూపేది చెయ్యి.

చిక్కంతా చక్రం దగ్గరే వస్తుంది. కొత్త రాడ్ మీది పళ్ల లెక్క, మందం పాత చక్రం రంధ్రానికి కలవవు. అప్పుడు కొందరు "వెల్డింగ్ కొట్టేద్దాం" అంటారు. అస్సలు ఒప్పుకోవద్దు! వెల్డింగ్ వేడికి అతుకు పక్కన ఇనుము పెళుసుబారుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, ఒకరోజు గుంతలో పడ్డప్పుడు పుటుక్కుమంటుంది. చక్రం చేతిలో, బండి ఎటో!

సరైన పద్ధతి వేరు. కొత్త రాడ్‌కు సరిపడే పళ్లున్న హబ్‌ను ఆ కంపెనీ చక్రం నుంచే తీసుకోవాలి. దానికి, పాత చక్రానికి మధ్య లేత్ మీద ఒక అడాప్టర్ చేయించి, బోల్టులతో బిగించాలి. పాత చక్రాన్ని సుత్తితో కొట్టి తీయకూడదు, పుల్లర్ వాడాలి. హారన్ తీగకు దారి ముందే చూసుకోకపోతే పనంతా అయ్యాక మళ్లీ విప్పాలి. బిగించేముందు బాక్స్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపాలి. ముందు టైర్లు నేరుగా ఉన్నప్పుడే చక్రం ఎక్కించాలి. తర్వాత ముందు టైర్లను జాకీ మీద లేపి, నూనె పోస్తూ, బుడగలు పోయేదాకా నెమ్మదిగా రెండువైపులా తిప్పాలి.

ఇంత కష్టపడి పాత చక్రమే ఎందుకు? చిన్న చక్రం వేస్తే స్టైలుగా ఉంటుంది కదా అంటారు కుర్రాళ్లు. నిర్మల్, ఆదిలాబాద్ మధ్య పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ మలుపులు దిగుతుండగా ఇంజిన్ ఆగిందనుకోండి, లేదా హోస్ పైపు పగిలింది. ఆ క్షణమే నూనె సాయం పోతుంది. ఇక మిగిలేది డ్రైవర్ చేతులే. 20 అంగుళాల చక్రాన్ని తిప్పే బలం కంటే 16 అంగుళాల దానికి పావువంతు ఎక్కువ బలం కావాలి. అబ్బా కాలం నాటి పెద్ద చక్రం ఊరికే పెద్దగా లేదు.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి మేస్త్రీ దగ్గరికి వెళ్లేముందే ఆర్టీఏ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనూ అడగాలి. ప్రమాదం జరిగాక క్లెయిమ్ ఆగితే నష్టపోయేది ఇంటిల్లిపాదీ.

పని పూర్తయ్యాక డబ్బులిచ్చేముందు ఒక పరీక్ష చేయండి. ఖాళీ స్థలంలో బండి ఆపి, ఇంజిన్ బంద్ చేసి, రోజూ నడిపే డ్రైవర్‌నే చక్రం తిప్పమనండి. బరువుగా ఉంటుంది, కానీ తిరగాలి. తిరగకపోతే బండిని షెడ్డులోంచి బయటికి తేవద్దు.