ఫోన్‌కు తెల్వని ఊరు

2025లో నా క్లాసులో పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న సిలబస్‌లోది కాదు. ‘సార్, అన్నీ ఫోనే చెప్తున్నది కదా... ఇగ మనం చదువుడు ఎందుకు?’

నవ్వుకుంటూ అడిగినవాళ్లున్నారు. నిజంగానే భయపడుతూ అడిగినవాళ్లూ ఉన్నారు. లక్సెట్టిపేటలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పడం నా పని కాబట్టి ఈ ప్రశ్నను దాటేసి పాఠంలోకి పోలేను. పొద్దున పత్తి ఏరి మధ్యాహ్నం కాలేజీకి వచ్చే అమ్మాయి ఇది అడుగుతుంది. నాట్ల కాలంలో వారం రోజులు కనిపించకుండా పోయి, మళ్లీ వచ్చి చివరి బెంచీలో కూర్చునే అబ్బాయి అడుగుతాడు. వీళ్లు కాలేజీలో కూర్చున్న ప్రతి రోజూ ఇంట్లో ఒక కైకిలి తగ్గుతుంది. చదువు ఎందుకని అడిగే హక్కు వీళ్లకే ఎక్కువ.

ఏడాది చివర్న వెనక్కి తిరిగి చూసుకుంటే, జవాబు నా నోట్సులో దొరకలేదు. పిల్లలు ఇళ్ల నుంచి మోసుకొచ్చారు.

రీచార్జ్‌తో వచ్చిన పంతులు

చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబర్ 30న. మా పిల్లల చేతికి పూర్తిగా అందింది మాత్రం 2025లోనే. జూలైలో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాదిపాటు ఫ్రీ అంది. అక్టోబర్ చివర్లో జియో, గూగుల్ కలిసి జెమినీ ప్రోను 18 నెలలు ఉచితంగా ఇస్తామన్నాయి. మొదటి అవకాశం 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకే! నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో కూడా ఏడాది ఫ్రీ అన్నారు. అంటే సరిగ్గా నా క్లాసు వయసు పిల్లల జేబుల్లోకి, రీచార్జ్‌తో పాటే ఒక పంతులు వచ్చి కూర్చున్నాడు.

ఫలితం అసైన్‌మెంట్లలో కనిపించింది. ‘గ్రామీణ నిరుద్యోగం’ మీద రాయమంటే సగం పేపర్లు ‘నేటి ఆధునిక ప్రపంచంలో’ అనే మొదలయ్యాయి. అక్షరదోషం ఒక్కటి లేదు. అనుమానం వచ్చిందీ అందుకే!

అలాగని ఈ పంతులు పనికిరాడని నేననను. డిమాండ్ వ్యాకోచత్వం అర్థం కాక ఒకమ్మాయి ఏఐని తెలుగులో ఐదుసార్లు అడిగిందట. ఐదోసారికి ఉల్లిగడ్డ ధరతో పోల్చి చెబితే తలకెక్కింది. అరవై మంది మధ్య లేచి నిలబడి నన్ను ఐదుసార్లు అడిగే ధైర్యం ఎవరికుంటుంది? మొహమాటం లేకుండా అడగగలగడం చిన్న లాభమేం కాదు.

మునిగిన ఊళ్లో సంత!

ఆగస్టులో ఒకరోజు క్లాసులో అన్నాను. ‘ఫోన్‌కు అన్నీ తెలుసు అంటున్నరు కదా. మీమీ ఊరి గురించి అడగండి. ఏం చెప్తదో చదివి వినిపించండి.’

మా దగ్గర ఈ ఆటకు ఒక ప్రత్యేకత ఉంది. లక్సెట్టిపేట గోదావరి ఒడ్డున ఉంటుంది. ఇక్కడి నుంచి మంచిర్యాల దిక్కు పోతే, దిగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు. దాని సామర్థ్యం 20.175 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. అన్ని నీళ్లు నిలవాలంటే కొన్ని ఊళ్లు లేవాలి. కర్ణమామిడి, పడ్తనపల్లి, గుడిపేట లాంటి పేర్లు ఈ ప్రాంతంలో ఎవరినడిగినా ముంపు మాటతో కలిపే చెబుతారు.

అట్లా మునిగిన ఒక ఊరి కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి నా క్లాసులో ఉన్నాడు. తన ఊరి పేరు కొట్టాడు. జవాబు వచ్చింది. పచ్చని పొలాలు, ప్రాథమిక పాఠశాల, వారం వారం సంత, కలిసిమెలిసి జీవించే ప్రజలు! చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

‘మా ఊరంతా నీళ్లల్ల ఉన్నది సార్. ఇదేమో సంత నడుస్తున్నదంటున్నది.’

క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

ఎందుకిలా అవుతుందో ఆ రోజు పాఠం పక్కన పెట్టి మాట్లాడుకున్నాం. ఏఐ ఎక్కడికీ వెళ్లి చూసిరాదు. కోట్ల పేజీల రాతను చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో లెక్క కట్టి వాక్యం అల్లుతుంది. అమెరికా నగరాల గురించి ఇంటర్నెట్‌లో గుట్టలుగా రాత ఉంది. మన పల్లెల గురించి, అదీ తెలుగులో, ఎంత ఉంది? రాత లేనిచోట అది చాలాసార్లు ‘నాకు తెల్వది’ అనదు. మామూలుగా ఊళ్లు ఎట్లుంటాయో అట్లనే ఒక ఊరిని తయారు చేసిస్తుంది. అదే జవాబును ఎవరో కాపీ కొట్టి ఎక్కడో పెడతారు. రేపు ఇంకో యంత్రం దాన్ని చదువుతుంది. నీళ్లల్లో ఉన్న ఊరికి ఇంకో సంత మొదలవుతుంది!

చెప్పినోళ్ల పేరు రాయాలె

ఆ నెల అసైన్‌మెంట్ మార్చాను. ‘ఇంట్లో ఒక మనిషిని అడగండి. ఫోన్‌లో దొరకని ఒక సంగతి తెలుసుకోండి. రెండు పేజీలు, చేతిరాత. చెప్పినోళ్ల పేరు, వయసు, ఊరు, తేదీ రాయాలె.’

ఏఐతో అమ్మమ్మను పుట్టించిన మొనగాళ్లూ ఉన్నారు. ఒక పేపర్లో అమ్మమ్మ ‘మిక్కిలి ఆవేదనతో ఇట్లు వచించెను’ అని ఉంది. ‘మీ అమ్మమ్మ గిట్లనే మాట్లాడ్తదా బిడ్డా?’ అంటే తల దించుకుని నవ్వాడు. మిగతా కాగితాలు మాత్రం నన్ను రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టాయి.

ఒకమ్మాయి వాళ్ల అవ్వ బీడీల లెక్క రాసింది. తునికాకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కానీ బాగలేవని తీసి పక్కన పెట్టిన బీడీలకు పైసలు రావు. ఆకులు తడిపి, కత్తిరించిన టైముకు విడిగా కూలి లేదు. ఇవన్నీ కలిపి గంటకు ఎంత పడుతుందో పిల్ల లెక్క వేసింది. అడుగున ఒక వాక్యం: ‘మా అవ్వకు ఇప్పుడు నెలకు 2,016 రూపాయల పింఛన్ వస్తది. కానీ మెడ నొప్పి అంతకంటే ముందే వచ్చింది.’ పీస్‌రేటు కూలి గురించి నేను చెప్పే పాఠంలో ఈ వాక్యం లేదు. ఇకపై ఉంటుంది.

ఇంకొక అబ్బాయి వాళ్ల బాపు గల్ఫ్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే రోజూ అవే మాటలు. ‘తిన్నవా? పైసలు అచ్చినయా?’ అసైన్‌మెంట్ పుణ్యమా అని మొదటిసారి అడిగాడట... ‘బాపూ, నువ్వు మొదలు పోయిన రోజు ఏమైంది?’ వరుసగా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. విమానం దిగినంక మూడు రోజులు ఎవరితో మాట్లాడలేదని, భాష తెల్వక కాదు, ఏడుపొస్తదని భయపడి మాట్లాడలేదని చెప్పాడట. పిల్లవాడు అది రాసుకొచ్చి నా చేతికిచ్చి, చదివేదాకా అక్కడ నిలబడకుండా వెళ్లిపోయాడు.

లెక్కలోకి రానివి

మునిగిన ఊరి అబ్బాయి ఒక బొమ్మ తెచ్చాడు. వాళ్ల బాపు చేత్తో గీసిన పాత ఊరు. బొడ్రాయి, చేదబావి, పీరీల కొట్టం, చింతచెట్టు, ఎవరి ఇల్లు ఎవరి గోడకు ఆనుకుని ఉండేదో అన్నీ. పక్కన ఒక జాబితా. పరిహారం లెక్కలో ఉన్నవి: ఇల్లు, భూమి, చెట్లు. లెక్కలో లేనివి: ఎండాకాలం ఏటి ఇసుకలో వేసుకున్న పుచ్చతీగలు, చేపలు, అప్పు అడగడానికి పక్కిల్లు.

ఎకనామిక్స్‌లో దీన్ని పేజీలకు పేజీలు చెబుతాం. ధర కట్టలేని నష్టం అంటాం. ఎల్లంపల్లి పనులు మొదలైన కాలంలో దేశంలో నడుస్తున్నది 1894 నాటి భూసేకరణ చట్టం. 2013లో కొత్త చట్టం చేశారు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం అంచనా వేయాలని అందులో రాసుకున్నారు. ఇసుకలో పుచ్చతీగలు వేసుకునేవాళ్ల సంగతి కూడా అడగాలనే మాట చట్టంలోకి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. మా అబ్బాయి బాపు దాన్ని ఒక్క జాబితాలో చెప్పేశాడు.

హైదరాబాద్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, దాదాపు పదేళ్లుగా మీ నగరానికి వస్తున్నాయి. మీ హాస్టల్ నల్లాలోనూ అవి ఉండొచ్చు. ఆ నీళ్ల కింద ఒక చేదబావి ఉందని తెలిస్తే మీకొచ్చే నష్టమేం లేదు.

ఏరుకున్నవాడే చరిత్ర ఇచ్చాడు

‘ఇవన్నీ రాస్తే ఏమొస్తది సార్?’ అని అడిగారు. రాయపట్నం వంతెన దాటి చూడమన్నాను. అవతల జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో కోటిలింగాల ఉంది. శాతవాహనుల మొదటి రాజుగా పురాణాలు చెప్పే సిముకుడు చాలాకాలం జాబితాల్లో ఒక పేరు. 1970ల్లో ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ కోటిలింగాలలో దొరికిన నాణేలు ఓపికగా సేకరించారు. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివారు. కొన్నింటి మీద చిముక శాతవాహనుడి పేరుంది. ఆ తర్వాత పురావస్తు శాఖ తవ్వకాలు జరిగాయి. మట్టిలో దొరికిన బిళ్లలను పారేయకుండా, ఎక్కడివో మర్చిపోకుండా దాచిన ఒక మనిషి వల్ల తెలంగాణ చరిత్రలో ఒక పేజీ నిలబడింది.

మా పిల్లలు తెచ్చిన కాగితాలూ అలాంటి బిళ్లలే. ఇప్పుడు విలువ తెలియకపోవచ్చు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది రాసి ఉంటే, రేపు చదివేవాడికి పనికొస్తాయి.

ఈ సంక్రాంతికి ఇంటికి పోతారు కదా. ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క గంట అడగండి. ‘అప్పట్ల ఎట్లుండె?’ అంటే ‘మంచిగుండె’ అని ఊరుకుంటారు. అట్ల అడగొద్దు. మొదటి కూలి ఎంత, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు, ఇల్లు కట్టినప్పుడు అప్పు ఎవరిచ్చారు... ఇలాంటివి అడిగితే మాట కదులుతుంది. రికార్డు చేసే ముందు ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. వాళ్ల కన్నీళ్లతో రీల్ చేయకండి. తేదీ రాయండి. ఆ తర్వాత కావాలంటే ఏఐతో ఇంగ్లిష్‌లోకి మార్పించుకోండి, అక్షరదోషాలు దిద్దించుకోండి. ఆ పని అది మంచిగ చేస్తుంది.

2015 తర్వాత మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది ఒడ్డుకు వస్తారు. అప్పటికి మా దగ్గర ముంపు ఊళ్ల బొమ్మలు ఒక్కొక్కటిగా జమ చేయాలని పిల్లలు పట్టుబట్టారు. ఇప్పటికి మూడు వచ్చాయి. నాలుగో ఊరి బొమ్మ గీయగలిగిన తాతకు ఎనభై దాటాయట. సంక్రాంతి సెలవుల్లో మొదట ఆయన ఇంటికే పోతున్నాం.