భేదము చూచుట, భేదము చూపుట

మిరపకాయలు కోసి ఎండబెట్టు దినములలో వరంగల్లు చుట్టుపట్ల పల్లెల కల్లములకు పోయి చూచినచో, నేలయంతయు ఎఱ్ఱబాఱిన ఆ రాసుల నడుమ, కొంగు ముక్కున కడ్డముగా చుట్టుకొని కూర్చున్న స్త్రీలు ప్రొద్దు పొడిచినది మొదలు ఒకే పనిలో నిమగ్నులై యుందురు. నిగనిగలాడు కాయ ఒక వైపునకును, మచ్చపడి తెల్లబాఱిన కాయ వేఱొక వైపునకును పోవుచుండును. ఈ రెండవదానిని తాలు అందురు. ఆ పనిని తాలు ఏరుడు అందురు. ఆరితేరిన చేతికి చూపుతో సైతము అంతగా పనిలేదు. మంచికాయ వ్రేళ్లకు బిగువుగా తగులును, తాలు తేలికగా తగులును. బస్తాలు ఎనుమాముల మార్కెట్టు చేరిన పిదప ఖరీదుదారు పిడికెడు కాయలు తీసి, విఱిచి, రంగు చూచి, తడి చూచి, అటుపిమ్మట గాని ధర పలుకడు. తేజ రకము సన్ననిది, తీక్ష్ణమైన కారము గలది. చపాట బొద్దుగా నుండి, కారము కొంచెమై, రంగు మెండుగా గలది. ఈ విలక్షణతనుబట్టియే 2025లో వరంగల్ చపాట మిరపకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆంగ్లమున 'డిస్క్రిమినేట్' అను క్రియకు మొదటి అర్థము సరిగా ఈ కల్లములోని పనియే. ఆ పదమునకు మూలమైన లాటిను ధాతువునకు జల్లెడపట్టుట యని అర్థము. 'డిసర్న్' అను మాటయు ఆ యింటిలో పుట్టినదే. మన వివేక శబ్దమును వేఱుచేయుట యను అర్థముగల 'విచ్' ధాతువునుండియే వచ్చినది. సారమునుండి పొల్లును వేఱుచేయుటయే బుద్ధి చేయవలసిన పని యని, దూరదూరముగా నున్న రెండు సంస్కృతులు భావించుట నాకెంతయో ఆశ్చర్యమును, ఆనందమును గూడ కలిగించుచుండును. పదునేడవ శతాబ్దమున ఆంగ్లములోనికి వచ్చిన ఈ క్రియ చిరకాలము మెప్పుమాటగానే మెలగినది. సంగీతములో, భోజనములో, కవిత్వములో మేలుకీళ్లు తెలిసినవానిని ఆ మాటతోనే కొనియాడెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో, నల్లజాతివారిని జాతినిబట్టి తక్కువగా చూచుటను చెప్పవలసివచ్చినపుడు, ఈ మాటయే ఆ కీడునకును పేరైనది. నేడు రెండవ అర్థము మొదటిదానిని దాదాపు మ్రింగివేసినది.

ఈ విషయమున తెలుగువారు అదృష్టవంతులని నా నమ్మకము. వేఱుచేసి ఆలోచించుట వివేచన. తఱచి చూచు నేర్పు విచక్షణ. అన్యాయముగా ఎక్కువతక్కువలు చూపుట వివక్ష. ఈ మూడవ మాట కథ విచిత్రమైనది. సంస్కృతమున వివక్ష యనగా చెప్పవలెనను కోరిక మాత్రమే. వ్యాకరణవేత్తలు వక్త తాత్పర్యమును సూచించుటకు దానిని వాడిరి. అట్టి నిర్దోషమైన మాటకు నేటి తెలుగున, వ్యవహారబలముచేత, పక్షపాతమను అర్థము స్థిరపడినది. పత్రికలలో 'విచక్షణారహితముగా కాల్పులు' అని చదువునపుడు లోపించినది గుణము. 'కులవివక్ష' అని చదువునపుడు కనబడుచున్నది దోషము. ఆంగ్లములో ఈ రెండింటికిని ఒకే క్రియ మూలము. మన భాష వాటిని వేర్వేఱు మాటలతో ఎడముగా నిలిపినది. అనువాదకులు నిఘంటువులో మొదట కనబడిన మాటను దింపి, విచక్షణ ఉండవలసిన చోట వివక్షను వ్రాయుట చూచినపుడెల్ల మనసు చివుక్కుమనును.

మన రాజ్యాంగములో 15వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత మాత్రమే పౌరులయెడ రాజ్యము వివక్ష చూపరాదని శాసించుచున్నది. అయినను వర్గీకరణ సర్వము తప్పు కాదు. వేఱుచేయుటకు స్పష్టమైన ఆధారముండవలెను, ఆ ఆధారమునకును చట్టము సాధింపగోరిన ప్రయోజనమునకును సంబంధముండవలెనని సుప్రీంకోర్టు 1952లో అన్వర్ అలీ సర్కార్ వ్యాజ్యమున వివరించినది. తాలు ఏరు చేతికి ఈ సూత్రము ఎవరును చెప్పనక్కఱలేదు. కాయ ఎవరి చేనిదో అది అడుగదు, కాయను మాత్రమే చూచును.

ఇక నా మనసునకు మిక్కిలి దగ్గఱి విషయము భాష. పైన 'ఏరుడు' అని వ్రాసితిని. కోస్తావారు ఏరడం అందురు, గ్రంథములు ఏరుట యనును, ఓరుగల్లు ప్రాంతమువారు ఏరుడు, చేసుడు, పోవుడు అందురు. ఈ రూపభేదమును గమనించి వ్రాసికొనుట శాస్త్రము. ఒక రూపము మాత్రమే చదువుకొన్నవారిదనియు, తక్కినది మోటుదనియు నవ్వుట వివక్ష. గమనింపబడిన భేదము రెండుచోట్లను ఒక్కటే. ఆ పిమ్మట జరిగినది వేఱు. పాఠ్యపుస్తకములలో చోటు దొరకక, చలనచిత్రములలో దుష్టపాత్రలకును హాస్యపాత్రలకును పరిమితమై, తెలంగాణపు పలుకు ఎన్ని దశాబ్దములు ఆ నవ్వును భరించినదో ఈ నేలవారికి తెలియును. తమ యింటిమాటను బడి గడపవద్దనే విడిచి లోనికి పోయిన బిడ్డలెందఱో!

మడికొండలో పెరిగి, వరంగల్లునే తన కార్యక్షేత్రముగా చేసికొన్న కవి కాళోజీ నారాయణరావు ఈ అన్యాయమును సూటిగా ఎదిరించెను. కోస్తాలోని రెండున్నర జిల్లాల పలుకు అందఱికిని ప్రమాణమగుట యేమని ఆయన నిలదీసెను. తాను మాటలాడినట్లే వ్రాసెను. ఏ యాసనైనను తఱుముమని ఆయన కోరలేదు; అన్నింటికిని సమానమైన గౌరవమునే కోరెను. 1992లో పద్మవిభూషణ పురస్కారమును పొందిన ఆ మహనీయుడు 2002 నవంబరు 13న వరంగల్లుననే కన్నుమూసెను. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని ఇప్పుడు తెలంగాణ రాష్ట్రము ఏటేట భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నది.